సోల్ అంటే ఎండ, సోల్ అంటే ఉప్పు

గల్ఫ్‌లో నర్సు ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వచ్చే పిల్లలు ముందు జీతం గురించి అడుగుతారు, తర్వాత సెలవుల గురించి అడుగుతారు. ఆ రెండూ కాగితం మీదే ఉంటాయి, కళ్ళు పెట్టి చదువుకోండని చెప్తాను. కాగితం మీద లేనివి ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల ఊసు ఇందులో ఉండదు. నాకు వచ్చినవే తక్కువ, వాటి గురించి చెప్పుకోవాల్సింది ఇంకా తక్కువ.

నేను మగ నర్సును. ఆ చదువు చదువుతానన్నప్పుడు మా మేనమామ "మొగోనివి, నీకు నర్సు పనేందిరా?" అని నవ్వాడు. ఆయనకే తర్వాత కాలు విరిగితే నెలన్నర పాటు నేనే సేవ చేశాను. అప్పుడు నవ్వలేదు. నా పని గురించి నాకు గర్వం ఎక్కువ. అది దాచుకునే వయసు కూడా దాటిపోయింది.

మా క్లినిక్

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో బహ్రెయిన్ వెళ్ళాను. ఊళ్ళో వాళ్ళకు మాత్రం నేను "దుబాయిల" ఉన్నట్టే. కొన్నాళ్ళు సరిదిద్దాను, తర్వాత ఊరుకున్నాను. గుదైబియా అనే పేటలో నలుగురం కలిసి ఉండే గది, కింద లాండ్రీ, పక్కన కెఫెటీరియా. పొద్దున్నే కంపెనీ బస్సు వంతెన దాటి ముహరఖ్ దీవి వైపు తీసుకెళ్ళేది. దారిలో బుసైతీన్‌లో అన్నమ్మ సిస్టర్ ఎక్కేది. ఆమె మా క్లినిక్‌కు పెద్ద, కేరళ మనిషి. నన్ను "మోనే" అని పిలిచేది, అంటే కొడుకా అని. తిట్టేటప్పుడు కూడా మోనే అనే తిట్టేది.

మేం పనిచేసింది ఓడలు బాగుచేసే యార్డులో. దేశదేశాల ఓడలు వచ్చేవి. నీళ్ళు తోడేసిన పెద్ద గుంటలో ఓడను నిలబెట్టి, తుప్పు గీకి, రంగులేసి పంపేవారు. ఆ ఓడల సిబ్బందికీ, యార్డు కూలీలకీ కలిపి ఒకటే క్లినిక్. రెండు మంచాలు, ఒక ఫ్రిజ్, గట్టిగా పనిచేసే ఏసీ. డాక్టరు గారు వారంలో కొన్ని పూటలు వచ్చి వెళ్ళేవారు. మిగతా కాలమంతా సిస్టర్, నేను.

ఒక మాట, మూడు దేశాలు

చేరిన కొత్తలో స్పెయిన్ ఫిట్టర్ ఒకడు తల పట్టుకుని వచ్చాడు. "సోల్, సోల్" అంటూ చేత్తో పైకి చూపించాడు. మొహం ఎర్రగా కమిలిపోయింది. ఎండ అంటున్నాడని అర్థమైంది. పడుకోబెట్టి, తడిగుడ్డ వేసి, నీళ్ళు తాగించి పంపాను. సోల్ అంటే ఎండ, సూర్యుడు. స్పానిష్ వచ్చేసిందని మురిసిపోయాను.

కొన్నాళ్ళకు ఇంకో ఓడ నుంచి క్రొయేషియా ఇంజనీరు వచ్చాడు. దవడ వాచింది, నోరు సరిగ్గా తెరవలేకపోతున్నాడు. "సోల్" అన్నాడు. నేను లేచి కిటికీ తెరలు లాగేశాను. ఏసీ కింద కూర్చోబెట్టి, నెత్తిన తడిగుడ్డ వేశాను. పాపం, పెద్దమనిషి, కాసేపు బుద్ధిగా కూర్చున్నాడు. తర్వాత లేచి, మేం భోంచేసే బల్ల దగ్గరికి వెళ్ళి, ఉప్పు సీసా తీసి నా మొహం ముందు ఊపాడు. ఉప్పునీళ్ళతో పుక్కిలించడానికి వచ్చాడు. వాళ్ళ భాషలో సోల్ అంటే ఉప్పు. నెత్తి మీద నా తడిగుడ్డ అలాగే ఉంచుకుని పుక్కిలించాడు.

మూడోవాడు ఫ్రాన్సు వంటవాడు. మోచేయి వాచి, కుంటుకుంటూ వచ్చి "సోల్!" అన్నాడు. ఈసారి నేను రెండు అర్థాలతో సిద్ధంగా ఉన్నాను. కిటికీ చూపించాను, కాదన్నాడు. ఉప్పు సీసా చూపించాను, వాడికి కోపం వచ్చింది. బాగున్న కాలితో నేలను రెండు తన్నులు తన్నాడు. సోల్ అంటే వాళ్ళకు నేల. వంటగది నేల మీద నూనె ఒలికి జారిపడ్డాడు. అన్నమ్మ సిస్టర్ మందుల అల్మారా వెనక్కి వెళ్ళి నవ్వుకుని వచ్చింది.

సాయంత్రం బస్సులో చెప్పింది. "మోనే, మాట వెంట పరుగెత్తకు. ఎక్కడో చూపించమను, ఎందుకో అడుగు. మాట సంగతి చివర్న చూసుకోవచ్చు."

అప్పటినుంచి నాకదొక సరదా అయిపోయింది. క్లినిక్‌కు వచ్చిన ప్రతి తెల్లవాణ్ణీ కట్టు కడుతూ "సోల్ అంటే ఏమిటి?" అని అడిగేవాణ్ణి. పోర్చుగల్ వాడు ఆకాశం చూపించాడు. స్వీడన్ వాడూ ఆకాశమే చూపించాడు. రష్యా వాడు, స్లొవేనియా వాడు ఉప్పన్నారు. ఇంగ్లీషు వాడు చెప్పు అడుగు చూపించాడు. చదువుకున్న ఓడ ఆఫీసరొకాయన ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. స్పెయిన్ ఎండా స్వీడన్ ఎండా దూరపు చుట్టాలట. ఉప్పుదీ నేలదీ వేరే వేరే వంశాలట, ఎక్కడెక్కడినుంచో వచ్చి ఒకే పేరు పెట్టుకున్నాయట. మా ఊళ్ళో ఇంటికో రాజయ్య ఉన్నట్టు. ఓడల వాళ్ళ మధ్య నాకు "సోల్ డాక్టర్" అని పేరు పడింది. డాక్టర్ అన్నందుకు నేనేమీ అభ్యంతరం చెప్పలేదు.

పిల్లలూ, ఇక్కడ ఒక మాట. పరాయి భాష వాణ్ణి మనం నాలుగుసార్లు అడుగుతాం, చేతులు చూస్తాం, కళ్ళు చూస్తాం. మన భాష వాణ్ణి ఒక్కసారి అడిగి ఊరుకుంటాం. అసలు ప్రమాదం అక్కడుంది.

గేటు దగ్గర గ్లాసు

బహ్రెయిన్ ఎండ సంగతి ఎంత చెప్పినా తక్కువే. గాలిలో తేమ, కింద ఇనుము, చుట్టూ సముద్రం. ఓడ పక్కన నిలబడితే ఆ రేకు మన మీదికి వేడి కక్కుతుంది. మధ్యాహ్నం బయటి పని ఆపాలనే నిబంధన తర్వాత్తర్వాత వచ్చింది. మా మొదటి రోజుల్లో అది లేదు.

అందరికంటే కష్టం బ్లాస్టింగ్ వాళ్ళది. ఇసకలాంటి రజనును గాలి గొట్టంతో కొట్టి ఓడ తుప్పు రాలగొట్టే పని. నెత్తి నుంచి కాలి దాకా మందపాటి తొడుగు, తలకు టోపీ. విప్పితే లోపల బట్టలు పిండుకోవచ్చు. ఆ పనిలో ఎక్కువమంది మన కరీంనగరం, నిజామాబాదు వైపు వాళ్ళే.

చెమటలో పోయిన ఉప్పు తిరిగి లోపలికి వెళ్ళకపోతే కండరాలు పట్టేస్తాయి. అందుకని అన్నమ్మ సిస్టర్ ఒక పద్ధతి పెట్టింది. పొద్దున డ్యూటీ ఎక్కే ముందు గేటు దగ్గర పెద్ద డ్రమ్ములో లబన్, అంటే అక్కడి మజ్జిగ, ఉప్పేసి కలిపి పెట్టేవాళ్ళం. ప్రతి మనిషీ నా ఎదుట ఒక గ్లాసు తాగి లోపలికి వెళ్ళాలి. మొదట్లో నన్ను ఆటపట్టించారు. "ఏందన్నా, కల్లు దుకాణం పెట్టినవా?" అనేవాడు పోశం. పోశం వయసు మళ్ళిన పెయింటరు, నవ్వకుండా ఏ మాటా చెప్పడు. కానీ తాగేవారు. ఒంటి నొప్పులతో వచ్చేవాళ్ళు తగ్గారు. ఫోర్‌మన్ కూడా ఒప్పుకున్నాడు, ఒప్పుకోవడం ఆయనకు అలవాటు లేకపోయినా.

ఆదివారం నొప్పులు

అయితే ఒకటి నాకు అంతుపట్టేది కాదు. ఆదివారం నాడు మాత్రం పిక్కలు పట్టేశాయనీ, కడుపులో మెలిపెడుతోందనీ మనవాళ్ళే వచ్చేవారు. మలయాళీలు రారు, బెంగాలీలు రారు. అక్కడ సెలవు శుక్రవారం, ఆదివారం మామూలు పనిరోజు.

ఫోర్‌మన్ తేలిగ్గా తీసేశాడు. "సెలవునాడు మందు కొట్టుంటారు భాయ్," అన్నాడు. మందు కొట్టి ఉంటే శనివారం రావాలి కదా నొప్పి? ఆ మాట అంటే నన్ను వింతగా చూశాడు. మనవాళ్ళను అడిగాను. "ఏం లేదు సార్", "గేటు కాడ తాగిన గద సార్" అన్నారు. ఆదివారం పొద్దున గ్లాసు అందుకుని ఒక్కొక్కడు నోరు నింపుకుని, గ్లాసు చేతిలోనే పట్టుకుని, పైపులు పేర్చిన చోటు దాకా మాట్లాడకుండా వెళ్ళడం ఒకసారి గమనించాను. వెళ్ళి చూస్తే పైపుల వెనక నేలంతా తెల్లగా ఉంది. ఉమ్మేస్తున్నారు.

ఎందుకో అడిగేలోపే గంగారాంను మోసుకొచ్చారు.

గంగారాం

గంగారాం కోరుట్ల దగ్గరి వాడు, బ్లాస్టింగ్ పనిలో గట్టివాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఇద్దరు పట్టుకొచ్చి మంచం మీద వేశారు. కాళ్ళు కొయ్యల్లా బిగిసిపోయాయి. వాంతి చేసుకున్నాడు. పొద్దుటినుంచీ నీళ్ళు కడవలకొద్దీ తాగాడట, తిండి సగంలో వదిలేశాడట. ఉత్త నీళ్ళు అంతంత తాగితే రక్తంలో ఉన్న కాస్త ఉప్పూ పలచబడిపోతుంది. ఇంకాసేపటికి మనిషికి మూర్ఛలు వస్తాయి, ఆ తర్వాత ఏమైనా కావచ్చు. సిస్టర్ అంబులెన్సుకు ఫోన్ చేసింది. తొడుగు విప్పేసి, ఒంటిమీద తడి దుప్పటి కప్పి, చంకల్లో ఐసు పెట్టాం. సెలైన్ సీసా తగిలించి నేను చెయ్యి పట్టుకున్నాను.

గంగారాం చెయ్యి లాక్కున్నాడు. "అన్నా, ఆ సీసల ఏమున్నది?"

"ఉప్పునీళ్ళు," అన్నాను.

"వద్దు. ఇయ్యాల ఐతారం. ఉప్పు ముట్ట."

అప్పుడు నాకు అన్నీ అర్థమయ్యాయి. మా వైపు కొందరికి ఈ మొక్కు ఉంటుంది. ఆదివారం సూర్యుడికి ఒక్కపొద్దు ఉండి, ఉప్పు లేని చప్పిడి కూడు తింటారు. కళ్ళ జబ్బులకు, చర్మపు జబ్బులకు మొక్కుకుంటారు. ఊళ్ళో నీడపట్టున ఉండి చేసే మొక్కును వీళ్ళు బహ్రెయిన్ ఎండలో, బ్లాస్టింగ్ తొడుగులో చేస్తున్నారు. ఏ సూర్యుడికి మొక్కారో ఆ సూర్యుడి కిందే, ఉప్పు లేకుండా.

"ఎవరి కోసం మొక్కినవ్?" అని అడిగాను.

"బిడ్డ కోసం. కంటి ఆపరేషన్ అయింది. సూపు మంచిగయ్యేదాక ఐతారాలు పడ్త అని మొక్కిన." మాట ముద్దగా వస్తోంది. "నువ్వు ఫోర్‌మన్‌కు చెప్తే అన్‌ఫిట్ అని ఇంటికి తోలుతడు. చెప్పకన్నా."

ఫోర్‌మన్ అక్కడే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తెలుగు రాకపోయినా వీడు సూది వద్దంటున్నాడని ఆయనకు తెలిసిపోయింది. "గ్లూకోజ్ అని చెప్పి ఎక్కించెయ్ యార్, ఖలాస్," అన్నాడు. చెప్తే గంగారాం నమ్మేవాడు. వాళ్ళ వైపువాణ్ణి, నా మాట మీద అంత నమ్మకం. సిస్టర్ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. "తెలివిలో ఉన్న మనిషికి అబద్ధం చెప్పి గుచ్చొద్దు మోనే. తెలివి తప్పితే అప్పుడు నేనే గుచ్చుతా. ఈలోపు ఒప్పించు."

నా ఉద్యోగం మొత్తంలో ఆ కాసేపటంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. దేవుడు ఏమీ అనడు అని చెప్పాను, వినలేదు. సీసాలోది తిండి కాదు, నోట్లోకి పోదు అన్నాను. "ఉప్పు ఉప్పే గదన్నా," అన్నాడు. అతన్నే తప్పుపట్టి లాభం లేదు. మొక్కు బిడ్డ కళ్ళ మీద ఉంది. తన ప్రాణం కోసం మొక్కు తప్పినందుకు రేపు బిడ్డకేమైనా అయితే ఆ తండ్రి బతికి ఉండీ లాభమేమిటనుకుంటాడు. ఆ మొక్కును విప్పే అధికారం నాకు లేదు, డాక్టరుకూ లేదు. ఎవరికుందా అని ఆలోచిస్తే ఒక్క మనిషే కనిపించింది.

అతన్ని మోసుకొచ్చిన ఇద్దరిలో ఒకడు వాళ్ళ ఊరివాడే. వాడి దగ్గర ఇంటి నంబరు తీసుకుని నా ఫోన్‌తో చేశాను. గంగారాం భార్య లచ్చవ్వ ఎత్తింది. ఫలానా అని చెప్పి, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాను. తగ్గించి చెప్పలేదు.

మొత్తం విని ఆమె వెంటనే అందుకుంది. "సారూ, బిడ్డ మా ఇద్దరిది. మొక్కు గూడ ఇద్దరిదే. ఆయన పట్టే ఐతారాలు నాకియ్యిమను, నేను పడ్త. దేవునికి నేను జెప్పుకుంట. మీరు ఎక్కియ్యున్రి."

"ఆ మాట ఆయనకే చెప్పక్కా," అని ఫోన్ గంగారాం చెవి దగ్గర పెట్టాను. ఆమె గట్టిగా మాట్లాడింది, గది మొత్తానికి వినబడింది.

"ఏమయ్యా, ఇంటున్నవా? బిడ్డకు కండ్లస్తే నాయినను సూడాలంటది. ఎవన్ని సూపియ్యాలె నేను?"

గంగారాం ఏడ్చాడు. ఏడుస్తూనే చెయ్యి చాపాడు. నరం దొరకడం కష్టమైంది, కానీ మొదటిసారికే దొరికించాను. అంబులెన్సు వచ్చేసరికి సీసా సాగుతోంది. పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళున్నాడు. సొంత కాళ్ళ మీద నడుచుకుంటూ తిరిగొచ్చాడు. ఫోర్‌మన్ దగ్గర అన్‌ఫిట్ మాట ఎత్తకుండా చూసుకున్నది అన్నమ్మ సిస్టర్. ఎలా చూసుకుందో నాకు చెప్పలేదు. మా డాక్టరు గారు తర్వాత కేసు విని, టైము వృథా చేశారని నన్ను కోప్పడ్డారు. ఆయన లెక్కలో ఆయనది నిజమే. నాకు ఇప్పుడు అలాంటి కేసు వచ్చినా ఆ ఫోనే చేస్తాను.

చివర్న వచ్చినవాడు

తిరిగొచ్చాక మొదటి ఆదివారం గేటు దగ్గర గంగారాం అందరికంటే ముందు నిలబడి, గ్లాసు ఎత్తి గటగటా తాగాడు. వెనక వాళ్ళ వైపు తిరిగి "మా ఆమె ఇంటికాడ పడ్తాంది, నేనిక్కడ తాగుతాన్న," అని చెప్పాడు. ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రం క్లినిక్ తలుపు దగ్గరికి ఒక్కొక్కడే రావడం మొదలుపెట్టారు. పట్టీ కావాలనీ, తలనొప్పి మాత్ర కావాలనీ వంక. మాత్ర చేతిలో పెట్టాక, "సార్, జర మా ఇంటికి గూడ ఫోన్ జేసి మాట్లాడున్రి." తల్లికి కంటి జబ్బని ఒకరు, కొడుకు ఒంటిమీద మచ్చలని ఒకరు. రంజాన్‌లో యార్డు పని వేళలే మారేవి, ఎందుకంటే ఆ సంగతి అందరికీ తెలుసు. మనవాళ్ళ ఐతారం ఎవరికీ తెలియదు. పంపించేస్తారని భయపడి వాళ్ళు చెప్పలేదు, చెప్పమని ఎవరూ అడగలేదు. నేను అందరి ఇళ్ళకూ చేశాను. ఏ ఇంట్లోనూ ఎవరూ కాదనలేదు. భార్యలు, తల్లులు, ఒక ఇంట్లో చెల్లెలు, తమ వాళ్ళ ఆదివారాలు తమ మీద వేసుకున్నారు. సరే పడ్తమని చెప్పి, ఆయనకు మజ్జిగ మంచిగ తాపియ్యిమని నాకు గట్టిగా అప్పగించేవారు. ఆ ఎండాకాలం మా వైపు ఊళ్ళలో ఆదివారం పూట చప్పిడి కూడు తిన్న ఆడవాళ్ళకు నా దండం.

అందరూ అయిపోయారనుకున్నాక పోశం వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆ రోజు నవ్వడం లేదు.

"నాకు గూడ ఉన్నదన్నా మొక్కు. కండ్లు మసకైతాన్నయ్. పెయింటరుకు కండ్లు పోతే ఏం జేస్తడు?"

"నంబరు చెప్పు పోశం మామా."

"ఎవల నంబరు జెప్పాలె? నాకు ఎవలున్నరు?"

ఆ సంగతి నాకు తెలియదు. ఇన్నేళ్ళు రోజూ నవ్వించిన మనిషి ఇంటి సంగతి ఒక్కసారీ అడగలేదు. సిస్టర్ సిరంజిలు సర్దుతున్నదల్లా ఆగింది. నేను ఎక్కువ ఆలోచించలేదు.

"నీ ఐతారాలు నాకియ్యి మామా. నేను పడ్త."

"నువ్వా? నువ్వు నాకేమైతవ్?"

"ఏసీల కూసుండేటోన్ని. నాకు ఉప్పు లేకుంటే ఏం గాదు. నీ కండ్ల పరీక్ష గూడ నేనే చేయిస్త."

చాలాసేపు నా మొహంలోకి చూశాడు, ఆటపట్టిస్తున్నానా అని. తర్వాత "గట్లనే పట్టు మరి," అని వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం పొద్దున పోశం గేటు దగ్గరికి వచ్చాడు. గ్లాసు అందుకుని, పక్కకు వెళ్ళకుండా, నా కళ్ళలోకి చూస్తూ చివరి చుక్క దాకా తాగాడు. మధ్యాహ్నం నేను మా బల్ల దగ్గర చప్పిడి అన్నం ముందు పెట్టుకున్నాను. పప్పులో ఉప్పు లేదు, పెరుగులో ఉప్పు లేదు. అన్నమ్మ సిస్టర్ తన మామిడికాయ పచ్చడి సీసా తెరవబోయి, మూత మళ్ళీ పెట్టేసి సంచిలో దాచుకుంది. నాలుక మీద ఏ రుచీ తెలియలేదు. అయినా నా ఉద్యోగంలో అంత తృప్తిగా తిన్న అన్నం ఇంకోటి లేదు.